వార్డుకు ఎంత దూరం?

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వెబ్ ఆప్షన్లకు గడువు ప్రకటించగానే ఎంబీబీఎస్ ర్యాంకు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒకే పంచాయితీ మొదలవుతుంది. తెలంగాణలో అరవైకి పైగా మెడికల్ కాలేజీలున్నాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస తేల్చుకోవడానికి దొరికేది కొద్ది రోజులే. చాలామంది చేసే పని, నిరుడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు అయిపోయాయో చూసి ఆ వరుసనే దించుకోవడం. నిరుటి పిల్లలు అంతకుముందటి ఏడాది పట్టికను చూసే పెట్టి ఉంటారు. అలా వెనక్కి పోతే ఆ వరుసకు మూలం పాత పేరు, హైదరాబాద్ మీద మోజు, ఎవరో బంధువు అన్న ఒక మాట. జనం ఎటు పోయారో ఆ పట్టిక చెబుతుంది. అక్కడికి పోయినవాళ్లు ఏం నేర్చుకున్నారో మాత్రం చెప్పదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలకు ఈ తేడా ఇప్పుడు బాగా అక్కరకొస్తుంది, ఎందుకంటే వాళ్ల ఊళ్ల కాలేజీలే ఆ పట్టికలో అడుగున కనిపిస్తున్నాయి.

పన్నెండేళ్ల కింద ఈ చిక్కే లేదు. 2014లో తెలంగాణ ఏర్పడేనాటికి రాష్ట్రం మొత్తానికి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఐదు. ఉస్మానియా, గాంధీ, కాకతీయ, ఆదిలాబాద్ రిమ్స్, నిజామాబాద్. ఉమ్మడి వరంగల్ జిల్లా పిల్లలకు ప్రభుత్వ సీటు అంటే 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ ఒక్కటే. 2022 నవంబరులో మహబూబాబాద్‌లో 150 సీట్లతో, 2023 సెప్టెంబరులో జనగామలో, భూపాలపల్లిలో వందేసి సీట్లతో కొత్తవి తెరుచుకున్నాయి. 2024లో ములుగు, నర్సంపేటలకు యాభైయేసి వచ్చాయి. కాకతీయలోని 250 కలుపుకుంటే ఒకనాటి ఒక్క జిల్లాలో ఇప్పుడు ఆరు ప్రభుత్వ కాలేజీలు, 700 సీట్లు. పైగా 2014 జూన్ 2 తర్వాత పెట్టిన కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లన్నీ తెలంగాణ స్థానికులకేనని 2023లో ప్రభుత్వం జీవో 72 ఇచ్చింది. అఖిల భారత కోటాకు పోయే 15 శాతం తీసేస్తే జనగామలో మిగిలే 85 సీట్లూ ఇక్కడి పిల్లలవే. ఎంచుకునే వీలు వచ్చింది కాబట్టే ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్న కూడా వచ్చింది.

ముందు డబ్బు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అది తేలితే సగం పట్టిక దానంతట అదే చెరిగిపోతుంది. ఇటీవలి కౌన్సెలింగుల్లో ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10,000 రూపాయలు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా, అంటే ‘ఏ’ కేటగిరీ సీటుకు 60,000. బీ కేటగిరీకి కాలేజీని బట్టి 11.55 లక్షల నుంచి 13 లక్షల దాకా. సీ కేటగిరీ దానికి రెట్టింపు వరకు పోవచ్చు. మొదటి రెండింటి మధ్య తేడా చదువంతా కలిపినా రెండున్నర లక్షలు. కష్టమైనా చాలా ఇళ్లు మోయగలిగిందే, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంటూ ఉంది. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య ఉన్నది అగాధం. ఏడాదికి 12 లక్షల చొప్పున ఐదేళ్లకు 60 లక్షలు. అప్పు తెచ్చి పదిశాతం వడ్డీ అనుకున్నా, అసలు ముట్టుకోకుండా వడ్డీయే నెలకు 50,000 అవుతుంది. తెలంగాణలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరిన ఎంబీబీఎస్ డాక్టరు మూలవేతనం 58,850 దగ్గర మొదలవుతుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకుని చూస్తే ఆ అప్పు డాక్టరు చేత ఎలాంటి పనులు చేయిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. తాకట్టు లేకుండా ప్రభుత్వ హామీతో దొరికే విద్యారుణం ఏడున్నర లక్షల వరకే. ఆ పైన బ్యాంకు అడిగేది ఇల్లో, చెలకో.

దీనికి ఎదురయ్యే వాదన ఒకటుంది. పిల్లవాడు డాక్టరయ్యాక ఎకరం పోతే రెండెకరాలు వస్తాయిలే అని. ఆ లెక్క ఒకప్పుడు నిజమై ఉండొచ్చు. ఊరికి ఒక ఎంబీబీఎస్ కూడా లేని కాలంలో బోర్డు కడితే చాలు, జనం వచ్చేవారు. ఇప్పుడు ఒక్క ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రభుత్వ కాలేజీల నుంచే ఏటా 700 మంది రాబోతున్నారు. ఎంబీబీఎస్ తర్వాత పీజీ తప్పదన్న మాట స్థిరపడింది, అంటే ఆ అప్పు మీద ఇంకో మూడేళ్ల వడ్డీ. ఇక విదేశాల దారి. ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్ కన్సల్టెన్సీల ఫ్లెక్సీలు జిల్లా కేంద్రాల్లోనూ కనిపిస్తున్నాయి. ఫీజు తక్కువన్నది నిజమే. కానీ తిరిగొచ్చాక విదేశాల్లో చదివినవాళ్లకు పెట్టే ఎఫ్ఎంజీఈ పాస్ కావాలి, ఆ పరీక్షలో చాలాసార్లు నలుగురిలో ఒకరు కూడా గట్టెక్కడం లేదు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం 54 నెలల చదువు, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్, ఇక్కడికొచ్చాక మరో ఏడాది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో చదువు మధ్యలో తిరిగొచ్చిన పిల్లల అవస్థ అందరూ చూసిందే. కాబట్టి ప్రభుత్వ సీటో, ‘ఏ’ కేటగిరీ సీటో వచ్చే ర్యాంకు ఉన్నవాళ్లు ఆ తర్వాతి పేజీలు తిప్పనే అక్కర్లేదు. ఆ ర్యాంకు రానివాళ్లది వేరే సమస్య, అందులో లాంగ్‌టర్మ్ కోచింగ్ కూడా ఒక జూదమే, ఇక్కడ దాన్ని ముట్టుకోను.

డబ్బుతో వడపోసిన తర్వాత మిగిలిన కాలేజీల మధ్య ఎంపికే అసలు కష్టం. ఇక్కడే అందరూ ఇంటికి ఎంత దూరం, హాస్టల్ ఎలా ఉంది, బిల్డింగు కొత్తదా పాతదా అని అడుగుతారు. అడగాల్సింది వార్డుకు ఎంత దూరం అని. దూరమంటే కిలోమీటర్లే కాదు. రోగి పక్కన నిలబడటానికి ఒక విద్యార్థికి ఎన్నిసార్లు వంతు వస్తుందన్నది అసలు దూరం. వైద్యం పుస్తకంలో సగమే ఉంటుంది. ప్లీహం వాచిందో లేదో చూడటం నేర్చుకునే పద్ధతి గమనించండి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, కుడివైపు పొత్తికడుపు దగ్గర చేయి ఉంచి, ఊపిరి పీల్చమని చెప్పి, ఒక్కో శ్వాసకు కొంచెం కొంచెంగా ఎడమ పక్కటెముకల వైపు జరుగుతూ పోవాలి. లోపలి నుంచి ఏదో గట్టి అంచు వచ్చి వేలికొసను తాకుతుంది. ఆ తాకిడి ఎలా ఉంటుందో మాటల్లో ఎవరూ చెప్పలేరు, వేలికే తెలియాలి. ఇరవై ఐదు మంది బ్యాచ్‌కు అలాంటి రోగి ఒక్కరే ఉంటే, ఐదారుగురు నొక్కేసరికి ఆయన ముఖం అటు తిప్పుకుంటాడు. మిగతావాళ్లు వాళ్ల నోట్సులో ‘ప్లీహం తగులుతోంది’ అని రాసుకుని బయటికొస్తారు. అలాంటి రోగులు నలుగురుంటే అందరి వేళ్లకూ తెలుస్తుంది.

ఈ లెక్కలో కొత్త కాలేజీలు మనం అనుకున్నంత వెనకబడి లేవు, కనీసం కాగితం మీద. జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం వంద సీట్ల కాలేజీకి 420 పడకలు ఉండాలి, 150కి 605, 250కి 900. తలకు లెక్కేస్తే చిన్న కాలేజీలో నాలుగు దాటుతాయి, పెద్దదాంట్లో మూడున్నర చిల్లర. కాకతీయ విద్యార్థులు నేర్చుకునే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రోగులు ఎంతమంది ఉన్నా, చుట్టూ నిలబడే విద్యార్థులు, హౌస్ సర్జన్లు, పీజీలు కూడా అంతే దండిగా ఉంటారు. చిన్న కాలేజీలో పీజీలు లేకపోవడం ఒక లోటే అయినా, కుట్లు వేయడానికి, కాన్పు దగ్గర చేయి అందించడానికి ఇంటర్న్‌కు అడ్డు వచ్చేవాళ్లూ తక్కువ. అయితే పడక ఉండటం వేరు, అది నిండటం వేరు. ఏడాది పొడుగునా 80 శాతం పడకలు నిండి ఉండాలని అవే ప్రమాణాలు అంటున్నాయి. అరుదైన జబ్బులు, పెద్ద ఆపరేషన్లు ఇప్పటికీ ఎంజీఎంకో, హైదరాబాద్‌కో పోతాయి. జిల్లా దవాఖానలో దండిగా దొరికేవి జ్వరాలు, కాన్పులు, విరిగిన ఎముకలు, పురుగుమందు తాగిన కేసులు, పాముకాట్లు. ఎంబీబీఎస్ డాక్టరు జీవితమంతా చూడబోయేవి ఎక్కువగా అవే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం కుదరదు. పడకలూ రోగులూ సరే, చెప్పేవాళ్లేరి? జిల్లా ఆసుపత్రులను తీసుకుని, వైద్య విద్యా విభాగం కిందికి మార్చి, బోర్డు మార్చి కాలేజీలు పెట్టారు. భవనం కట్టినంత వేగంగా ప్రొఫెసర్లు తయారు కారు. బోధకుల కొరత, ఇతర లోటుపాట్ల మీద 2025లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రంలోని చాలా ప్రభుత్వ కాలేజీలకు నోటీసులిచ్చి, అధికారులను ఢిల్లీకి పిలిపించి సంజాయిషీ అడిగింది. ఆ తర్వాత అనుమతులు కొనసాగాయి కానీ అడిగిన ప్రశ్న ఎక్కడికీ పోలేదు. వంద సీట్ల కాలేజీకి ప్రమాణాల ప్రకారం 85 మంది బోధకులు కావాలి. ఉన్నవాళ్లలో కొందరు డిప్యుటేషన్ మీద ఇంకో చోట పనిచేస్తుంటే హాజరు పట్టీలో పేరుంటుంది, క్లాసులో మనిషి ఉండడు.

అయినా ఈ లోటును గంపగుత్తగా కాకుండా విభాగాలవారీగా చూడాలి. మొదటి ఏడాది కావలసింది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. వీటికి మంచి పుస్తకం, వీడియో పాఠాలు కొంత ఆసరా ఇస్తాయి, డిసెక్షన్ బల్ల మాత్రం ఇవ్వలేవు. జనరల్ మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల విభాగాలు అలా కాదు. వార్డులో పక్కన నిలబడి ‘ఇక్కడ చేయి పెట్టు, ఇప్పుడు ఏం వినిపిస్తోంది?’ అని అడిగే మనిషి లేకపోతే, వార్డు నిండా రోగులున్నా విద్యార్థి చూసేందుకు వచ్చిన చుట్టంలా తిరిగిపోతాడు. కాబట్టి మొత్తం ఖాళీలు ఎన్నని కాకుండా, ఈ నాలుగు విభాగాల్లో రోజూ రౌండ్సుకు వచ్చే ప్రొఫెసరు ఉన్నారా అని అడగాలి. ఇంకో సంగతి, ఈ కాలేజీలు ఒకచోట ఆగి లేవు. 2022లో మహబూబాబాద్‌లో చేరిన తొలి బ్యాచ్ నాలుగున్నరేళ్ల చదువు ముగిసేది 2027లో. జనగామ, భూపాలపల్లి తొలి బ్యాచులది 2028లో. తొలి బ్యాచ్ ఫైనలియర్‌కు వచ్చే వేళకు క్లినికల్ విభాగాలు నిలబడక తప్పదు, లేదంటే పరీక్షలే జరగవు. ఇప్పుడు చేరే పిల్లలు ఆ ఒత్తిడి వల్ల జరిగిన పనుల ఫలితం కొంతైనా అనుభవిస్తారు.

బోధకులు ఎక్కడ నిలుస్తారన్నదే స్థలం విషయంలో అసలు లెక్క. పిల్లలకు ఇల్లు ఎంత దూరమన్నది ఆ తర్వాతి మాట. అసోసియేట్ ప్రొఫెసరుకూ ఇల్లు కావాలి, పిల్లలకు బడి కావాలి, ఇంట్లో ఇంకొకరికి ఉద్యోగం కావాలి. జనగామ హైదరాబాద్‌కు దాదాపు 85 కిలోమీటర్లు. 163వ నంబరు జాతీయ రహదారి మీద, సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీద ఉంది. ఉదయం బండి ఎక్కి వచ్చి సాయంత్రం పోవచ్చు. ఇది వరమూ, శాపమూ. డాక్టరు పోస్టింగుకు ఒప్పుకుంటారు, కానీ సాయంత్రం నాలుగు దాటితే బండి టైము గుర్తుకొస్తుంది. రాత్రి ఎమర్జెన్సీలో నేర్పేవాళ్లు పలచబడతారు. ఇదే వెసులుబాటు రోగులకూ ఉంది, కాస్త డబ్బున్నవాళ్లు జనగామలో ఆగకుండా నేరుగా హైదరాబాద్ పోతారు. మానుకోటకూ, అంటే మహబూబాబాద్‌కూ రైలుంది, అది కాజీపేట–విజయవాడ మార్గం. కానీ హైదరాబాద్ అంత చేరువ కాదు, రోజూ తిరగడం కష్టం, అందుకే వచ్చినవాళ్లు ఊళ్లో ఉండే అవకాశం ఎక్కువ. చుట్టూ ఉన్న తండాల నుంచి వచ్చే రోగికి కూడా ఇదే దగ్గరి పెద్ద దవాఖాన. భూపాలపల్లికి రైలు స్టేషనే లేదు. హన్మకొండ నుంచి పరకాల మీదుగా రోడ్డు మీద రావాల్సిందే. బోధకులను నిలుపుకోవడం మూడింటిలోనూ అక్కడే కష్టం. బొగ్గు గనుల కార్మికులు, గోదావరి గట్టు పల్లెలు, అటు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి. వీటన్నిటి జబ్బులూ ఒక్కచోట కలిసేదీ అక్కడే. రోగి ఉన్నచోట గురువు నిలవడు, గురువు నిలిచేచోట రోగి ఆగడు. మూడు ఊళ్లనూ పక్కపక్కన పెడితే తేలే చిక్కు ఇది.

ఇక ‘మనకు సరిపడుతుందా’ అన్న మాట. దీన్ని చాలామంది హాస్టల్ భోజనం, ర్యాగింగ్ దగ్గర ఆపేస్తారు. అసలు విషయం భాష. రోగి ‘కడుపుల దేవుతున్నది’ అంటే ఒకటి, ‘కడుపు ఉబ్బరిస్తున్నది’ అంటే ఇంకొకటి, ‘కాళ్లు గుంజుతున్నయి’ అంటే మరొకటి. జబ్బు చరిత్ర రాబట్టడమే సగం రోగనిర్ధారణ అని వైద్యంలో అంటారు. జనగామ వార్డులో కూర్చున్న ముసలవ్వ మాట పక్క మండలం నుంచి వచ్చిన పిల్లకు ఏ తర్జుమా లేకుండా అందుతుంది. అఖిల భారత కోటాలో రాజస్థాన్ నుంచో కేరళ నుంచో వచ్చినవాళ్లకు కోర్సు మొదట్లో స్థానిక భాష క్లాసులు పెడతారు, అయినా ఏడాది రెండేళ్లు పడుతుంది. మానుకోటలో లంబాడీ మాట, భూపాలపల్లి అడవి పల్లెల్లో కోయ మాట తెలిసిన విద్యార్థికి ప్రొఫెసరు కంటే ముందే రోగి సంగతి తెలిసిపోతుంది. ఇప్పటి పాఠ్యక్రమంలో ప్రతి విద్యార్థీ పల్లెకు పోయి కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించాలి. ఆ పల్లె తన మాట మాట్లాడేదైతే ఆ పని నిజంగా జరుగుతుంది, లేకపోతే లాగ్‌బుక్‌లో సంతకంగా మిగులుతుంది. పల్లె నేపథ్యం ఉన్న విద్యార్థులను తీసుకోవాలని, వైద్య కళాశాలలను రాజధానుల బయట పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. జపాన్‌లో 1972లో స్థాపించిన జిచి వైద్య విశ్వవిద్యాలయం అన్ని రాష్ట్రాల నుంచీ కొద్దిమందినే ఎంచుకుని, తొమ్మిదేళ్లు సొంత రాష్ట్రంలో సేవ చేస్తే ఫీజు మాఫీ చేస్తుంది. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు, కానీ స్థానిక కోటా తెలియకుండానే దానికి సగం దూరం వచ్చింది.

హైదరాబాద్ చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలో ‘ఏ’ కేటగిరీ సీటు వస్తుంటే, భూపాలపల్లి ప్రభుత్వ సీటును ముందు పెట్టడం తెలివైన పనేనా అని అడిగేవాళ్లుంటారు. రెండున్నర లక్షల తేడా కోసం కాదు. ప్రైవేటులో కొన్నిచోట్ల బోధకులు మెరుగ్గా, క్లాసులు క్రమంగా ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ప్రభుత్వ దవాఖానకు రోగి తనంతట తానే వస్తాడు. ప్రైవేటు బోధనాసుపత్రి చాలాసార్లు అతన్ని బస్సు పెట్టి, ఉచిత శిబిరం పెట్టి తెచ్చుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ తేడా కూడా చిన్నదేం కాదు. 2025 పెంపు తర్వాత ప్రభుత్వ కాలేజీ ఇంటర్న్‌కు నెలకు 29,792 రూపాయలు. పీజీ సంగతి అంటారా, నీట్ పీజీ అందరికీ ఒకటే ప్రశ్నపత్రం, అందులో కాలేజీ పేరుకు మార్కులు లేవు, కోచింగ్ ఫోన్‌లోకే వచ్చేసింది. కాకతీయ, ఉస్మానియా, గాంధీ వచ్చే ర్యాంకు ఉంటే మాత్రం మారుమాట లేకుండా అవే ముందు. అక్కడ బోధకులూ రోగులూ రెండూ ఉన్నాయి, పక్క మంచం దగ్గర పీజీ చేసే పని చూసి నేర్చుకోవడమూ ఉంది. కొత్త కాలేజీని సమర్థించడానికి పాతదాన్ని తక్కువ చేయాల్సిన పనిలేదు.

ఇవన్నీ ఇంట్లో కూర్చుని తేలవు. ఆప్షన్లు పెట్టేముందు ఒక రోజు ఆ దవాఖానకు పోయి, ఉదయం తొమ్మిదిన్నరకు ఓపీ చీటీల దగ్గర లైను ఎంతుందో చూడాలి. పది గంటలకు మెడిసిన్ వార్డులో రౌండ్సు జరుగుతున్నాయా, ఎవరు చేస్తున్నారు? హాస్టల్‌కు పోయి మూడో ఏడాది చదివే పిల్లలను ‘ఎన్ని కాన్పులు కళ్లారా చూశారు?’ అని అడిగితే కాలేజీ వెబ్‌సైటు చెప్పనిది రెండు నిమిషాల్లో తెలుస్తుంది. తర్వాత ఆప్షన్లు. చాలామంది తడబడేది స్లైడింగు దగ్గర. మొదటి విడతలో సీటు వచ్చి, రెండో విడతకు మళ్లీ ఆప్షన్ పెట్టి, అక్కడ సీటు వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి రాదు. చేతిలో ఉన్నదానికంటే నిజంగా మేలనుకున్న పేర్లు తప్ప ఇంకొకటి రెండో విడత వరుసలో ఉండకూడదు.

ఇక వరుస. నా లెక్కలో జనగామ పిల్లకు కాకతీయ తర్వాత మానుకోట, ఆ తర్వాత జనగామ. మానుకోట ఏడాది ముందు మొదలైంది, 150 సీట్లకు తగినట్టు పడకలూ బోధకులూ ఎక్కువ ఉండాలి, రోగి అక్కడే ఆగుతాడు. ఇంటి నుంచి రోజూ రావడం తప్పనిసరైతే, ఇంట్లో చూసుకోవాల్సిన మనిషి ఉంటే, జనగామనే ముందు పెట్టొచ్చు, తప్పు లేదు. భూపాలపల్లిని మూడింటిలో చివర పెట్టడం అందరికీ సరిపోతుంది, మహాదేవ్‌పూర్ వైపు అడవి పల్లెలో పుట్టి అక్కడి మాట తెలిసిన పిల్లవాడికి తప్ప. అతను మాత్రం హన్మకొండ బస్సు ఎక్కకముందు ఒక్కసారి భూపాలపల్లి మెడిసిన్ వార్డులోకి పోయి, పొద్దున రౌండ్సుకు ప్రొఫెసరు వస్తున్నారా అని కనుక్కోవాలి. వస్తున్నారంటే తన వరుసలో దాన్ని పైకి జరుపుకోవచ్చు.